తొలి ఆవిరి

మంచు సీమలోని మా ఊరు కిర్నిష్‌దోర్‌లో చేపల పీపా మూత తీయాలంటే ముందు ఊస్తిన్యాను పిలవాల్సిందే. ఏటి చేపను కొద్దిపాటి ఉప్పుతో పీపాలో పేర్చి పొయ్యి పక్కన వెచ్చగా పెడతాం. అది నెమ్మదిగా పులుస్తుంది. తొందరపడి తీస్తే పచ్చి వాసన, ఆలస్యం చేస్తే విషం. ఆ రెండింటికీ మధ్య ఉండే సన్నని సందు ఊస్తిన్యా ముక్కుకే తెలుసు. పట్నం నుంచి వచ్చినవాళ్లు మా పీపాల వాసనకు గుమ్మం దాటి లోపలికి రారు. మాకు మాత్రం నోట్లో నీళ్లూరతాయి. ఎవరి నోరు వాళ్లది, దానికి తగువెందుకు?

ఆ ముక్కు ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ఆస్తి అంటూ వచ్చింది అదొక్కటే. ఆమె ఏటిగట్టున నడిచి వస్తుంటే మగవాళ్లు గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ మందు సీసా మూత తీసేవాళ్లు. "ఈ ముక్కుతో కాపురం చేసేకంటే పోలీసు స్టేషన్లో కాపురం పెట్టడం నయంరా" అని ఆమె మొగుడు బతికున్నన్నాళ్లూ స్నేహితుల దగ్గర వాపోయేవాడు. ఊస్తిన్యా నవ్వేది కాదు గానీ, ఆ మాట చెవిన పడినప్పుడల్లా తల కొంచెం పైకెత్తుకుని నడిచేది. గర్వం ఉండేది, కాదనను. ఊళ్లో ఒక పనికి నువ్వొక్కదానివే దిక్కు అంటే ఎవరికి మాత్రం ఉండదు?

అలాంటి ఊళ్లో పైపు పగిలింది.

ఏటి ఎగువన, చిత్తడి నేలల మీదుగా చమురు కంపెనీ వేసుకున్న పాత పైపు అది. చలికాలమంతా మంచు కింద కారుతూనే ఉందట. కంపెనీకి తెలియదట! తెలియదంటే నమ్మడానికి మనం ఉన్నాంగా. వసంతంలో మంచు విరిగి ఏరు కదిలే రోజు మాకు పండగ. ఊరు ఊరంతా గట్టున నిలబడి టీ తాగుతూ చూస్తుంది. ఆ ఏడు మంచు పలకలు నల్లగా వచ్చాయి. పిల్లలు ముందు కేరింతలు కొట్టి, పెద్దవాళ్ల ముఖాలు చూసి ఊరుకున్నారు. నీళ్లలో దిగిన బాతులు మళ్లీ లేవలేదు. కంపెనీవాళ్లు బకెట్లూ పారలూ తెచ్చి పడేసి, తోడినవాళ్లకు కూలి ఇస్తామన్నారు. ఊస్తిన్యా, పక్కింటి మర్పా, ఊళ్లో ఆడవాళ్లందరూ మోకాలి లోతు చన్నీళ్లలో దిగి ఆ నల్లజిడ్డు తోడారు. మూతికి అడ్డం కట్టుకోవడానికి గుడ్డపీలిక కూడా ఎవరూ ఇవ్వలేదు. ఊస్తిన్యాకి ఆ రోజుల్లో తల పగిలిపోయేది, తిన్నది కడుపులో నిలిచేది కాదు. అందరికీ అలాగే ఉంది కదా అని ఊరుకుంది.

ఆ తర్వాత ఆమె ముక్కుకు కొత్త పని పడింది. వలలో చేప పడితే చాలు, దాన్ని పట్టుకుని జనం ఆమె గుమ్మంలో ఉండేవాళ్లు. ఆమె చేప తల కోసి, ఉప్పు వేయకుండా, చిన్న గిన్నెలో మూతపెట్టి ఉడికించేది. నీళ్లు తెర్లడం మొదలవగానే ఒక్కసారి మూత తీసి, ముఖం వంచి, తొలి ఆవిరి పీల్చేది. కిరసనాయిలు వాసన ఉంటే ఆ తొలి ఆవిరిలోనే ఉంటుంది. రెండో ఆవిరికి చేప వాసన లేచి దాన్ని కప్పేస్తుంది. ఆ ఏడాదంతా ఆమె నోట వచ్చిన మాట ఒక్కటే.

"పారెయ్."

కంపెనీవాళ్లు ఏటి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లి, అంతా శుభ్రంగా ఉందని చెప్పించారు. ఊస్తిన్యా తన ముసలిపిల్లి ముందు ఒక చేప ముక్క పడేసింది. అది వాసన చూసి మూతి ముడుచుకుని బల్ల కిందికి పోయింది. "పిల్లికి తెలిసింది, కంపెనీకి తెలీలేదు పాపం" అంది ఊస్తిన్యా. ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కంపెనీ దాకా వెళ్లిందో ఏమో, నెలనెలా ఇంటింటికీ పెట్టెలు రావడం మొదలైంది. డబ్బా మాంసం, గోధుమ రవ్వ, చిక్కటి పాలడబ్బాలు, తాగడానికి నీళ్ల క్యాన్లు. నోరు మూయించడానికే అనుకోండి, పెట్టెలైతే వచ్చాయి. దూరపు చెరువుల దాకా నడిచే ఓపిక ఉన్నవాళ్లు అక్కడినుంచి చేపలు తెచ్చుకునేవాళ్లు. అలా గడిచింది.

ఆ ఏడు దాటి, మరుసటి ఏడు చలికాలంలో ఒక ఉదయం ఊస్తిన్యా పొయ్యి ముందు కూర్చుని మేజోడు అల్లుకుంటోంది. మర్పా తలుపు తోసుకుని లోపలికి దూకింది.

"ఏమే, చచ్చావా బతికున్నావా? నీ రొట్టె మాడిపోయి కంపు మా ఇంటి దాకా కొడుతుంటే!"

చూస్తే ఇల్లంతా పొగ. రొట్టె బొగ్గయిపోయింది. "కునుకు పట్టిందే" అంది ఊస్తిన్యా. చేతిలో మేజోడు అలాగే ఉంది. మర్పా ఆ మేజోడు వంకా ఆమె ముఖం వంకా మార్చిమార్చి చూసి, కిటికీ తెరిచి వెళ్లిపోయింది. ఊస్తిన్యా ఆ బొగ్గుముక్క తీసి ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. పీపా దగ్గరికెళ్లి మూత తీసింది. ఏమీ లేదు. మొగుడి పాత చొక్కా పెట్టె అడుగునుంచి తీసి, దాన్నిండా ముఖం దాచుకుంది. అందులోనూ ఏమీ లేదు. అప్పుడు భయం వేసింది ఆమెకి.

కాలు పోతే ఊరంతా చూస్తుంది, కర్ర ఇస్తుంది. ముక్కు పోతే ఎవరికి కనపడుతుంది? చెప్పాలనే అనుకుంది. ఆ రోజే చెప్పేద్దామనుకుంది. కానీ ఆ మధ్యాహ్నమే ముసలి ఓంతోన్ చేపలతో వచ్చి నిలబడ్డాడు. ఓంతోన్ ఊళ్లో అందరికంటే పెద్ద జాలరి, వరసకు ఆమె మొగుడికి అన్న. "చూడమ్మా, చూసి ఒక మంచి మాట చెప్పు" అన్నాడు. అలవాటు కొద్దీ గిన్నె పెట్టింది, అలవాటు కొద్దీ ముఖం వంచింది. బుగ్గలకి వేడి తగిలింది, అంతే. "పారెయ్ బావా" అంది. ఎందుకైనా మంచిదని.

ముసలాయన చేపల సంచి వంక చూశాడు. "ఇది ఏటి చేప కాదు ఊస్తిన్యా. పై చెరువు నుంచి వీపున మోసుకొచ్చా. ఆ చెరువు కూడా పోయిందా?"

ఆయన గట్టు మీదికెళ్లి సంచి బోర్లించేశాడు. కాకులు వాలి, అరనిమిషంలో అంతా పట్టుకుపోయాయి. మంచి చేప ఒక ముసలివాడి నోటి దగ్గర్నుంచి లాగేశానని ఊస్తిన్యా రెండు రోజులు తిండి ముట్టలేదు. ముట్టినా తెలిసేదేముంది, ఉప్పా పులుపా అన్నది తప్ప నోటికి ఇంకేమీ తెలియడం లేదు.

అందరికీ "పారెయ్" అంటే కుదరదు, అందరికీ "తిను" అంటే అసలే కుదరదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడామెకి పిల్లి గుర్తొచ్చింది. ముసలిపిల్లి ఆ శీతాకాలం చచ్చిపోయింది గానీ, దాని పిల్ల ఉంది. పైపు పగిలాక, ఆ వేసవిలో పొయ్యి వెనక పుట్టిన బూడిదరంగు పిల్లి. ఇకనుంచి ఎవరు చేప తెచ్చినా, "తొలి ఆవిరికి ఎవరూ అడ్డం రాకూడదు, బయట కూర్చోండి" అని వాళ్లని అరుగు మీదికి పంపేది. లోపల ఒక ముక్క చల్లార్చి పిల్లికి పెట్టేది. తింటే మంచిది, తినకపోతే చెడ్డది. తల్లిపిల్లి అంత కచ్చితంగా చెప్పింది కదా!

పిల్లి తింది. మరుసటి రోజు చేప కూడా తింది. ఆ వారం వచ్చినవన్నీ తిని మూతి నాక్కుంది. ఊస్తిన్యా ముందు నమ్మలేదు. తర్వాత నమ్మింది. నమ్మాలని ఉంటే నమ్మడం ఎంతసేపు? రెండు వరదలొచ్చాయి, ఏరు తనని తాను కడుక్కుంటోంది అనుకుంది. ఒక ఆదివారం మర్పా తెచ్చిన తెల్లచేప మీద మూతపెట్టి, బయటికొచ్చి, "తినొచ్చే" అంది.

మర్పా ఆమె రెండు చెంపలూ ముద్దుపెట్టుకుని ఏడ్చేసింది. అటక మీద పడేసిన వలలన్నీ కిందికి దిగాయి. ఇంటింటా చేప రొట్టెలు కాలాయి. పీపాలు మళ్లీ పొయ్యిల పక్కకి చేరాయి. అంతమంది ముఖాల్లో అంత సంతోషం చూశాక, నాకు ముక్కు లేదు, చూసింది పిల్లి అని ఎలా చెప్తుంది? చెప్పుండాల్సింది. నేనైతే చెప్పేవాణ్ణి అని ఇప్పుడు ఎవరైనా అంటే వాళ్ల మాట నేను నమ్మను.

ఒక్క ఓంతోన్ మాత్రం ఒకసారి నసిగాడు. "నాకెందుకో... కొంచెం ఘాటుగా అనిపించింది. కిరసనాయిలు లాగా."

"నీ ముక్కు పొగాక్కి ఎప్పుడో చచ్చిపోయింది బావా" అని మర్పా కసిరింది. "ఊస్తిన్యా తినొచ్చంది. ఊస్తిన్యాకంటే నీకెక్కువ తెలుసా?"

అరుగు మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. ముసలాయన కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. దొంగకి తేలు కుట్టినట్టు ఊస్తిన్యా అక్కడే నిలబడింది. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరూ తమ ముక్కు తాము నమ్మలేదు.

ఊస్తిన్యా కొడుకు ప్రోకో కంపెనీలోనే ట్యాంకరు డ్రైవరు. ఈ చుట్టుపక్కల మగవాడికి ఇంకో ఉద్యోగం ఏముంది గనక? వాడి పెళ్లాం రైసా దిగువ ఊరి పిల్ల, మెత్తనిది, అత్తగారి మాట దేవుడి మాట. వాళ్లకు ఉల్యా అనే కూతురు, పైపు పగిలిన ఏడాది చివర్లో పుట్టింది, ఇప్పుడు మూడేళ్లు నిండుతున్నాయి. దాని తర్వాత కిందటేడు రైసాకి కడుపు నిలిచి, నాలుగో నెలలో పోయింది. ఇలాంటివి అవుతూనే ఉంటాయమ్మా అంది నర్సు. ఇప్పుడు మళ్లీ ఆరో నెల. ఈసారి నిలవాలని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అంటే దిష్టి. కానీ రైసా కూర్చుంటే వెనక దిండు పెట్టడం, లేస్తే చెయ్యి పట్టుకోవడం, అంతా ఆ మాటే.

మాలో కడుపుతో ఉన్న ఆడదానికి నలీమ్ చేప కాలేయం పెడతారు. ఏటి అడుగున, రాళ్లకింద పాకే నల్లచేప నలీమ్. దాని కాలేయం వెన్నలా ఉంటుంది. బిడ్డకి ఎముక గట్టిపడుతుందని, తల్లికి పాలు పడతాయని పెద్దవాళ్ల మాట. మొదటి మంచు గట్టిపడగానే ప్రోకో గాలాలు వేసి నలీమ్‌లు పట్టుకొచ్చేవాడు. ఊస్తిన్యా పిల్లికి ఒక ముక్క పెట్టి, అది తిన్నాక, కాలేయం తన చేత్తో వేయించి కోడలి పళ్లెంలో వేసేది.

"మీరు కూడా తినండి అత్తయ్యా."

"నాకెందుకే. నీ బిడ్డకి పెట్టు. తిను, నాలుగు ముద్దలు ఎక్కువ తిను."

ఆ శరదృతువులోనే కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. గొంతు తేనె. ఊళ్లో క్లబ్బు గదిలో అందర్నీ కూర్చోబెట్టి, ఊస్తిన్యాని ముందుకి పిలిచి భుజం మీద చెయ్యి వేసింది. "మా పరీక్షలు మీరు నమ్మలేదు. సరే, నమ్మొద్దు. మీ పెద్దావిడ మాట నమ్ముతారు కదా? చెప్పండమ్మా, ఏటి చేప తినొచ్చా?"

ఊరంతా ఆమెనే చూస్తోంది. మొదటి బల్ల మీద రైసా పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. గోడ పక్కన ప్రోకో, కంపెనీ టోపీ చేతిలో పట్టుకుని. తినొచ్చు అంటే ఆ మేడమ్ ఆ మాటని తమకి వాడుకుంటుందని ఊస్తిన్యాకి తెలుసు. తినకూడదు అంటే రెండేళ్లుగా పెట్టినదంతా ఏమిటని ఊరు అడుగుతుంది. పిల్లి తింది కదా, అబద్ధం కాదు కదా, అని తనకి తాను చెప్పుకుంది.

"తినొచ్చు" అంది.

మేడమ్ చప్పట్లు కొట్టింది. ఊస్తిన్యాకి ఒక కరెంటు కెటిలు బహుమతిగా ఇచ్చింది. ఏరు శుభ్రపడింది గనక ఇక పెట్టెలు, నీళ్ల క్యాన్లు అక్కర్లేదని, వచ్చే నెలనుంచి ఆపేస్తున్నామని నవ్వుతూనే చెప్పింది. ఎవరో ఒకరిద్దరు గొణిగారు. అంతే. ఆ నెల నుంచి ఊరికి ఏరు తప్ప వేరే దారి లేకుండా పోయింది. కొట్లో మాంసం ధర వింటేనే కడుపు నిండేది.

మంచు బాగా పడ్డాక ఊస్తిన్యా తమ్ముడు మికోల్ వచ్చాడు. ఎగువ మైదానాల్లో రెయిన్‌డీర్ల మంద తోలుకుంటూ తిరిగే మనిషి. ఏడాదికొకసారి అక్క ఇంటికి వస్తాడు, ఎప్పుడూ తొడమాంసం తెస్తాడు. ఈ ఏడు మందకి జబ్బు తగిలి మాంసం లేదు. దానికి బదులు కొండల అవతలి చెరువులో పట్టి గడ్డకట్టించిన తెల్లచేపలు సంచి నిండా తెచ్చాడు.

"మాంసం లేదని మొహం మాడ్చుకోకు అక్కా. ఇలాంటి చేప నువ్వు పెళ్లప్పుడు తినుంటావు, మళ్లీ తినుండవు."

"నీ గొప్పలు కట్టిపెట్టి ముందు బూట్లు విప్పు. ఇల్లంతా మంచు చేస్తున్నావు."

ఇంట్లో అందరూ ఉన్నారు. ప్రోకో ఆ రోజే డ్యూటీ దిగి వచ్చాడు. అతని పని కోటు ఎప్పట్లాగే గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. ఊస్తిన్యా ఒక చేప తల కోసి చిన్న గిన్నెలో పెట్టింది. మూత తీసి ముఖం వంచింది, అదంతా జనం చూడ్డానికే. తర్వాత ఒక ముక్క చల్లార్చి పొయ్యి వెనక్కి జారవిడిచింది.

పిల్లి వచ్చింది. ముక్కకి ముక్కు ఆనించింది. రెండడుగులు వెనక్కి వేసి, ముందుకాలు విదిలించి, వెళ్లిపోయింది.

ఊస్తిన్యా ఇంకో ముక్క వేసింది. పిల్లి తల కూడా తిప్పలేదు. రెండేళ్లలో మొదటిసారి అది కాదంది.

"రైసా, ఆ చేప ముట్టకు" అని అరిచింది. "మికోల్, ఎక్కడిదిరా ఈ చేప? పాడైపోయింది. తీసుకెళ్లి పారెయ్."

మికోల్ నోరు తెరిచాడు. "పారెయ్యడమా? అక్కా, ఆ చెరువుకి పైపు అంటే ఏంటో కూడా తెలీదు! నేను రోజూ తింటున్నా. నా మొహం చూడు, చచ్చినట్టున్నానా?"

"నేను చెప్తున్నా కదా."

"నువ్వు చెప్తే చెప్పావులే. ఇదిగో, నీ కళ్లముందే తింటా." మికోల్‌కి కోపం వచ్చింది. గిన్నెలోంచి ఒక ముక్క తీసి నమిలి మింగాడు. ఊస్తిన్యా ఆ గొడవ సర్దడానికి, పొద్దున వండిన ఏటి చేప చారు ఒక గిన్నెలో పోసి తమ్ముడి ముందు పెట్టింది. "ఇది తిను. మన ఏటిది, మంచిది."

మికోల్ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. చెంచా బల్ల మీద మెల్లగా పెట్టాడు. అక్క ముఖంలోకి చూశాడు. ఆమె ముక్కు గురించి చిన్నప్పటినుంచి తెలిసినవాడు, తన నోరే చెడిపోయిందేమో అనుకున్నట్టు కొంచెం నీళ్లు తాగాడు.

ఇదంతా బల్ల చివర కూర్చుని చూస్తున్న ఉల్యా, ఎవరూ చూడకుండా మికోల్ చేప ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. నమిలింది. మొహం వికారంగా పెట్టి చేతిలోకి ఉమ్మేసింది.

"చూశావా, పిల్లకి కూడా నచ్చలేదు!" అంది ఊస్తిన్యా. ఆమె గొంతులో ఎంత ఊరట ఉందో చెప్పలేను. "ఏమ్మా, వాసనొస్తోందా? కంపా?"

"ఊహూ" అంది ఉల్యా. "వాసనే లేదు నానమ్మా. ఇది చేప కాదు. చేపకి నాన్న కోటు వాసన ఉంటుంది కదా."

ఉల్యా అందరి ముఖాలూ చూసి, తను తప్పన్నానేమో అనుకుని, దిగి పరిగెత్తి, మేకుకి వేలాడుతున్న కోటు అంచు పట్టుకుని ముక్కు ఆనించింది. "ఇదిగో. ఇదే. మన చేప."

ప్రోకో లేచాడు. ఆ కోటు నిండా ముడిచమురు వాసన, వాడికి తెలుసు. దాన్ని మేకు మీంచి లాగి, తలుపు తీసి, బయట మంచులోకి విసిరికొట్టి అక్కడే నిలబడిపోయాడు.

"అక్కా" అన్నాడు మికోల్ మెల్లగా, "నీకు నిజంగా తెలీట్లేదా?"

ఊస్తిన్యా పిల్లి వంక చూసింది. అప్పుడంతా తెలిసింది ఆమెకి. ముసలిపిల్లి పైపు పగలకముందు పుట్టింది, దానికి మంచి చేప తెలుసు. ఈ పిల్లి తాగిన తొలి పాలలోనే ఆ నల్లజిడ్డు ఉంది. దానికి కిరసనాయిలే చేప. పిల్లికే కాదు.

"నాకు వాసన రావట్లేదురా" అంది. "రెండేళ్లయింది. పిల్లి తింటే పెట్టాను. అంతే."

రైసా కేక పెట్టలేదు. పొట్ట రెండు చేతులతో పట్టుకుని గోడకి ఆనుకుంది. "కాలేయం" అంది. "రోజూ పెట్టారు అత్తయ్యా. నాలుగు ముద్దలు ఎక్కువ తిను అన్నారు." తర్వాత, "కిందటేడు కూడా పెట్టారు" అంది. అప్పుడు ఏడ్చింది, ఇల్లు అదిరిపోయేలా ఏడ్చింది. ఊస్తిన్యా దగ్గరికెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి అడ్డం పెట్టడం ఊస్తిన్యా చచ్చేదాకా మర్చిపోలేదు. బిడ్డ పోయింది అందువల్లేనా అంటే ఎవరు చెప్పగలరు? కాదని కూడా ఎవరూ చెప్పలేరు. అదే నరకం.

మికోల్ పిల్లనీ కోడల్నీ తనతో పైకి తీసుకెళ్తానన్నాడు. నెలలు నిండుతున్న కడుపుతో గుడారంలో ఎలా ఉంటుంది, నొప్పులొస్తే ఆసుపత్రి ఎక్కడ? ఉద్యోగం మానేస్తానన్నాడు ప్రోకో. మానేసి ఏం తింటారు? మాట మొదలైన చోటే ఆగిపోయేది. కాసేపటికి ప్రోకో బయటికెళ్లి కోటు దులుపుకుని తెచ్చుకున్నాడు. తెల్లారితే డ్యూటీ, అంత చలిలో వేరే కోటు లేదు. అదే మేకుకి మళ్లీ తగిలించాడు. మికోల్ తెచ్చిన సంచి మాత్రం రైసా కోసం బయటి చలి గదిలో తాళం వేసి దాచారు. పొదుపుగా వాడితే నెలన్నర వస్తుంది.

మర్నాడు ఊస్తిన్యా మర్పా ఇంటికెళ్లి, కూర్చోకుండానే చెప్పేసింది. ఉన్నదంతా కక్కేసింది. తిట్టిపోస్తుందని, ఊరంతా చాటుతుందని ఎదురుచూసింది. మర్పా రొట్టె మీద బంగాళదుంప ముద్ద పరుస్తూ, తలెత్తకుండా వింది.

"తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"నీ రొట్టె మాడిన రోజే తెలుసు. చేతిలో మేజోడు పట్టుకుని ఎవరైనా కునుకు తీస్తారా?"

ఊస్తిన్యా ఆమెకి ఎదురుగా వెళ్లి నిలబడింది. "తెలిసి ఎందుకు తిన్నావే? ఎందుకు ఊరుకున్నావు?"

మర్పా పిండి చేతులు తుడుచుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏం తినమంటావు మరి? మొదటిరోజు కంపు కొట్టింది, గొంతు దిగలేదు. నువ్వు తినొచ్చన్నావు కదా అని కళ్లు మూసుకుని మింగా. మర్నాడు కొంచెం తగ్గింది. తర్వాత నాకూ తెలియడం మానేసింది. నువ్వా మాట అనకపోతే రోజూ తెలిసి తినాల్సి వచ్చేది. ఏడవకే. ఆ మాట కోసమే మేమంతా నీ గుమ్మం ఎక్కాం."

అంతకంటే నాలుగు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది.

క్లబ్బులో ఊరందరి ముందూ చెప్పడానికి ఊస్తిన్యా వెళ్లింది, చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు తల దించుకున్నారు, చాలామంది విననట్టే ఉండిపోయారు. పెట్టెలు మళ్లీ పంపమని కంపెనీకి కబురు పంపిస్తే, మీ పెద్దావిడే తినొచ్చంది కదా, ముక్కు లేని మనిషి మాట ఇప్పుడెలా నమ్మమంటారు అని తేనెగొంతుతోనే జవాబొచ్చింది. ఆ కెటిలు ఊస్తిన్యా ఏటిలో పారేద్దామని గట్టుదాకా తీసుకెళ్లి, ఏరు ఇంకా ఎంత మోస్తుందిలే అని వెనక్కి తెచ్చేసింది.

కొన్నాళ్లకి ఓంతోన్ చేతిలో ఒక చేపతో అరుగు మీద నిలబడ్డాడు. ఎటూ చూడకుండా, "అలవాటు ప్రాణం" అన్నాడు.

ఊస్తిన్యా లోపలికి రమ్మంది. తల కోసి, చిన్న గిన్నెలో ఉప్పు లేకుండా పెట్టింది. ఉల్యాని పిలిచి స్టూలు మీద నిలబెట్టింది. ఈ పని చేయాలని ఆమెకి లేదు. ఊళ్లో ఇంకా చెడని ముక్కు అదొక్కటే. చెడలేదు, తలకిందులైంది, అంతే.

నీళ్లు తెర్లాయి. ఊస్తిన్యా మూత తీసింది. పిల్ల ముఖం వంచి తొలి ఆవిరి నిండా పీల్చుకుంది. దాని ముఖం వెలిగిపోయింది.

"చాలా బాగుంది తాతా! మంచి చేప!"

"పారెయ్ బావా" అంది ఊస్తిన్యా.

ముసలాయన గిన్నె వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. కాళ్లు కదపలేదు.

"పారేస్తా" అన్నాడు. "పారేసి ఏం తిననమ్మా?"

ఊస్తిన్యా గిన్నె మీద మళ్లీ మూత పెట్టింది.